పిల్లలకు చందమామను చూపించడం ఎలా: క్యాలెండరు, పిట్టగోడ, ఒక బంతి

మొదట పుస్తకం తెరవకండి. వీడియో అసలే వద్దు. గోడకున్న తెలుగు క్యాలెండరులో రాబోయే అమావాస్య ఎప్పుడో చూసి, ఆ తర్వాత రెండో రోజు సాయంత్రం పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్ళండి. ముందు ఆకాశం, ఆ రాత్రి పడుకునేటప్పుడు కథ, మర్నాడు ఇంట్లో ప్రయోగం. ఈ వరస మార్చకండి. ముందే కథ చెప్పేస్తే పిల్లలు కుందేలును తప్ప ఇంకేదీ చూడరు. ముందే సైన్సు చెప్పేస్తే తలెత్తి చూడాల్సిన అవసరమే వాళ్ళకు కనిపించదు.

మూడు నాలుగేళ్ళ వాళ్ళకు చూడటం, కథ వినడం చాలు. ఆరేడేళ్ళ నుంచి నోటుబుక్కు పెట్టించవచ్చు. బంతి, దీపం ప్రయోగం ఎనిమిదేళ్ళు దాటితే గానీ బుర్రకెక్కదు. అంతకు ముందే బలవంతాన చేయిస్తే తల ఊపుతారు, అంతే.

మొదటి సాయంత్రం

శుద్ధ పాడ్యమి నాడు చంద్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా ఉంటాడు, కనపడడు. విదియ నాడైతే ఆకాశం తేటగా ఉంటే కనపడతాడు. తదియ నాడు దాదాపు ఖాయం. సూర్యుడు పూర్తిగా అస్తమించాక 20 నుంచి 30 నిమిషాలాగి పడమర వైపు చూడాలి. ఎండ ఉండగా వెతకనివ్వకండి, ముఖ్యంగా చేతిలో బైనాక్యులర్ ఉంటే. విదియ చంద్రుడు గంట, గంటన్నరలోపే అస్తమిస్తాడు కాబట్టి, భోజనాలయ్యాక చూద్దామనుకుంటే ఆ రోజు పోయినట్టే.

నెలవంకను చూడగానే "మిగతా చందమామ ఏదీ?" అని అడగండి. కాస్త నిదానంగా చూస్తే సన్నటి వంక ఒళ్ళో మిగతా గుండ్రం మసక బూడిదరంగులో కనిపిస్తుంది. అది భూమి వెలుగు. మన నేల మీద, మబ్బుల మీద పడ్డ ఎండ అక్కడిదాకా వెళ్ళి, చంద్రుడి చీకటి భాగం మీద పడి, తిరిగి మన కంటికి చేరుతోంది. చంద్రుడు ఎక్కడికీ పోలేదని, వెలుగు పడిన ముక్కే మనకు తెల్లగా కనిపిస్తోందని పిల్లలకు మాటల్లో చెప్పక్కర్లేదు. వాళ్ళే చూశారు.

నోటుబుక్కు

గీతలు లేని డ్రాయింగ్ పుస్తకంలో, మందుల సీసా మూత పెట్టి పెన్సిల్‌తో 30 సున్నాలు ముందే గీసి ఉంచండి. పేజీకి ఆరు చొప్పున అయిదు పేజీలు. పిల్లలు రోజూ ఆ సున్నాలో చీకటి భాగాన్ని నల్లగా నింపాలి. వెలుగు భాగాన్ని గీయమంటే మాత్రం అరటిపండు గీసి పక్కనో చుక్క పెడతారు, కళ్ళెదుట ఉన్నది గీయరు. సున్నా కింద తిథి, టైము, ఏ దిక్కు, ఎంత ఎత్తు రాయించండి.

ఎత్తు కొలవడానికి పిడికిలి చాలు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. పిల్లల చెయ్యి పొట్టి, పిడికిలి కూడా చిన్నది, కాబట్టి లెక్క వాళ్ళకూ సరిపోతుంది. ఇంటి కప్పు అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ వెళ్తే "రెండు పిడికిళ్ళ ఎత్తు" అని తేలుతుంది.

రోజూ ఒకే చోట నిలబడి, ఒకే టైముకు చూడాలి. నిన్న కొబ్బరిమట్టల్లో ఉన్న చంద్రుడు ఇవాళ అదే టైముకు ఇంకో పిడికిలి పైన, ఎడమ పక్కకు జరిగి ఉంటాడు. సూర్యుడి నుంచి చంద్రుడు రోజుకు సుమారు 12 డిగ్రీలు దూరం జరుగుతాడు. ఆ 12 డిగ్రీల జరుగుబాటుకే తిథి అని పేరు. 30 తిథులు, 360 డిగ్రీలు. క్యాలెండరులో "చవితి ప. 2.40 వరకు" లాంటి రాతలు చూసి పెద్ద పిల్లలు అడుగుతారు, తిథి మధ్యాహ్నం మారడమేమిటని. చంద్రుడి దారి కచ్చితమైన గుండ్రం కాదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందుకే ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, 26 గంటలూ పట్టవచ్చు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు మామూలుగా ఆ పేరు పెడతారు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. ఇక్కడ అచ్చయిన క్యాలెండరులోని తిథి గడియలు భారత కాలమానంలో ఉంటాయి, మీ ఊరి టైముకు మార్చుకోండి. అమెరికాలో తిథి ఒక రోజు ముందే వచ్చినట్టు కనిపించేది అందుకే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉంటే బొమ్మే తిరగబడుతుంది: శుక్లపక్షంలో వెలుగు ఎడమ వైపు ఉంటుంది.

పుస్తకంలో బొమ్మతో పేచీ

మూడో రోజుకో నాలుగో రోజుకో పిల్లలు పాఠ్యపుస్తకం తెచ్చి "ఇందులో నెలవంక నిలువుగా ఉంది, మనకు పడుకుని ఉందేమిటి?" అంటారు. మంచి ప్రశ్న, దాటేయకండి. ఆ బొమ్మలు చాలావరకు భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్న దేశాల నుంచి చూసినట్టు గీసినవి. మన తెలుగు ప్రాంతాలు 13 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి. ఇక్కడ సూర్యుడూ చంద్రుడూ దాదాపు నిటారుగా దిగుతారు కనుక కింద ఉన్న సూర్యుడి వెలుగు చంద్రుడి అడుగున పడుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నెలవంక అచ్చం పడవలా రెండు కొమ్ములూ పైకెత్తి కూర్చుంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో పక్కకు ఒరుగుతుంది. "పుస్తకం తప్పా?" అంటే, తప్పు కాదు, వేరే ఊరి కిటికీలోంచి గీసింది అని చెప్పండి.

తెలంగాణలో ఉంటే నోటుబుక్కు మొదలుపెట్టడానికి బతుకమ్మను మించిన సమయం లేదు. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, అష్టమికి సద్దుల బతుకమ్మ. ఆ తొమ్మిది రోజులూ పొద్దుగూకే వేళకు పిల్లలంతా ఎలాగూ బయటే ఉంటారు. మొదటి రోజు చంద్రుడే ఉండడు. తర్వాత పడమట సన్నగా తేలి, రోజు రోజుకూ లావెక్కి, సద్దుల నాటికి సగం చంద్రుడై సాయంత్రం దక్షిణ దిక్కున కనిపిస్తాడు. ఆ లెక్క పిల్లల్నే కనిపెట్టనివ్వండి.

పున్నమి దాటాక చాలామంది పుస్తకం మూసేస్తారు, ఎందుకంటే చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తూ పిల్లల నిద్రవేళ దాటిపోతాడు. మానేయకండి, పొద్దుటికి మార్చుకోండి. బహుళ సప్తమి నుంచి దశమి దాకా ఉదయం ఏడింటికి, స్కూలు బస్సు కోసం నిలబడినప్పుడు, ఆకాశంలో పైన తెల్లగా ఉంటాడు. చంద్రుడు రాత్రిపూటే వస్తాడన్న అపోహ ఆ ఒక్క చూపుతో పోతుంది.

దీపం, బంతి

చంద్రుడి కళలు భూమి నీడ వల్ల వస్తాయని చదువుకున్న పెద్దలు కూడా అంటుంటారు. ఇది పోవాలంటే ఈ ప్రయోగం చేయాల్సిందే.

కావలసినవి: 5 సెంటీమీటర్ల థర్మోకోల్ బంతి, దానికి గుచ్చడానికి పెన్సిల్, హోల్డరుకు పెట్టిన 9 వాట్ల బల్బు. బల్బు చుట్టూ షేడు ఉండకూడదు. గది పూర్తిగా చీకటి చేయండి. బల్బు పిల్లవాడి కంటి ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో ఉండాలి. పిల్లవాడి తలే భూమి.

బంతిని చెయ్యి చాచి, తలకన్నా కాస్త ఎత్తులో పట్టుకుని బల్బు వైపు తిరిగి నిలబడాలి. అది అమావాస్య: వెలుగు పడిన వైపు మనకు కనపడదు. ఇక బంతిని అలాగే పట్టుకుని మెల్లగా ఎడమ వైపు తిరగాలి. కొంచెం తిరగగానే కుడి అంచున నెలవంక పుడుతుంది. పావు చుట్టుకు సగం చంద్రుడు. బల్బుకు వీపు పెట్టేసరికి పున్నమి. అలాగే తిరిగితే వెలుగు ఎడమ వైపుకు మారి కరిగిపోతుంది.

మూడు చోట్ల ఇది చెడుతుంది. గోడలు తెల్లగా ఉంటే వెలుగు తిరిగి బంతి మీద పడి కళ తేలిపోతుంది, వెనక ముదురు దుప్పటి కట్టండి. బంతిని కంటి ఎత్తులోనే పట్టుకుంటే పున్నమి దగ్గర తల నీడ పడి గ్రహణం వస్తుంది, అప్పుడు పిల్లలు పాత అపోహకే తిరిగిపోతారు. ఎడమకు బదులు కుడికి తిరిగితే శుక్లపక్షం వెలుగు తప్పు వైపు పడుతుంది. నోటుబుక్కులోని సున్నాలతో పోల్చి చూడమంటే ఆ తప్పు వాళ్ళే పట్టుకుంటారు.

గ్రహణం కావాలని చేయించేది తర్వాత. అప్పుడు బంతిని కాస్త దించి తల నీడలోంచి పోనివ్వండి. మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి దారి సూర్యుడు నడిచే దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది కనుక, చాలా పున్నములకు నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. రెండు దారులూ కోసుకునే బిందువులకే మనవాళ్ళు రాహువు, కేతువు అని పేరు పెట్టారు. పాము మింగిన కథ చెప్పాక ఈ బిందువుల సంగతి చెబితే పెద్ద పిల్లల కళ్ళు మెరుస్తాయి.

దూరం సంగతి కూడా అదే రోజు తేల్చండి. టెన్నిస్ బంతి (6.7 సెం.మీ.) భూమి అనుకుంటే చంద్రుడు 1.8 సెంటీమీటర్ల గోళీ. "గోళీని ఎంత దూరంలో పెట్టాలి?" అని అడిగితే అందరూ ఓ జానెడు దూరంలో పెడతారు. టేపుతో కొలిచి 2 మీటర్లు జరపండి. అసలు దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే 30 భూములు వరసగా పేర్చినంత. అదే కొలతలో సూర్యుడు 7 మీటర్ల పైచిలుకు వెడల్పుతో, దాదాపు 790 మీటర్ల అవతల ఉంటాడు. మీ వీధి చివర ఏదో ఒక గుర్తు చూపించండి.

కథలు: ఏ రోజు ఏది

కథ అబద్ధం, సైన్సు నిజం అని పిల్లల ముందు తీర్పు చెప్పకండి. "ఆకాశంలో ఏది చూసి ఈ కథ అల్లి ఉంటారు?" అని అడగండి.

పున్నమి నాడు కుందేలు. చంద్రుడికి శశాంకుడన్న పేరే అందుకొచ్చింది, ఒళ్ళో కుందేలున్నవాడని. కొన్ని ఇళ్ళలో జింక అంటారు, కొన్ని ఇళ్ళలో చెట్టు కింద అవ్వ. మీ ఇంట్లో ఏదంటే అదే చెప్పండి. తూర్పున ఉదయించేటప్పుడు కుందేలు తల, చెవులు పైకి ఉంటాయి. మర్నాడు తెల్లవారుజామున పడమట దిగేటప్పుడు తలకిందులవుతుంది. కుందేలు దొర్లలేదు, మనం చూసే కోణం మారింది. ఆ నల్లటి మచ్చలు ఎప్పుడో కారి గడ్డకట్టిన లావా మైదానాలు. కుందేలు తల ఉన్నచోటికి ప్రశాంత సముద్రం అని పేరు. 1969 జూలై 20న అపోలో 11 దిగింది అక్కడే. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మనకు చూపిస్తాడు కాబట్టే తాతకు కనిపించిన కుందేలే మనవడికీ కనిపిస్తోంది.

పున్నమి చంద్రుడు ఉదయిస్తూ పెద్దగా కనిపిస్తాడే, దాన్ని పరీక్షించడానికి చిటికెన వేలు చాలు. చెయ్యి చాచి అడ్డం పెడితే గోరు వెనక మొత్తం దాక్కుంటాడు. నడిరాత్రి పైకొచ్చాక కూడా అంతే. పెద్దగా అనిపించడం మన కళ్ళు చేసే మాయ.

27 మంది భార్యల కథ రోహిణి నక్షత్రం ఉన్న రోజుకు దాచి ఉంచండి. క్యాలెండరులో తిథి పక్కన నక్షత్రం పేరు ఉంటుంది కదా, ఆ రోజు చంద్రుడు ఆకాశంలో ఏ నక్షత్రం పరిధిలో ఉన్నాడో అది చెబుతుంది. దక్షుడి కూతుళ్ళు 27 మందిని పెళ్ళాడిన చంద్రుడు రోహిణి దగ్గరే ఉండిపోవడం, మామ శపించడం, రోజు రోజుకూ క్షీణించి శివుణ్ణి శరణు వేడితే ఆయన తలమీద పెట్టుకోవడం, ఆ తర్వాత తగ్గుతూ పెరుగుతూ ఉండటం. మార్గశిర, పుష్య మాసాల్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో, రోహిణి నాడు చంద్రుడి దగ్గర ఎర్రగా మెరిసే చుక్క కనిపిస్తే "అదిగో రోహిణి" అని చూపండి. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27.3 రోజులు పడుతుంది, ఇంటికో రోజు చొప్పున 27 ఇళ్ళు. మీ పాప జన్మనక్షత్రం ఏదైతే, ఆమె పుట్టినప్పుడు చంద్రుడు ఉన్నది ఆ ఇంట్లో. ఇది చెప్పాక ఆ నక్షత్రం ఎప్పుడొస్తుందో క్యాలెండరులో ఆమే వెతుక్కుంటుంది.

మరి పున్నమి నుంచి పున్నమికి 29.5 రోజులెందుకు? గోడగడియారం తీసి చేత్తో తిప్పండి. 12 గంటలకు రెండు ముళ్ళూ కలిసి ఉంటాయి. పెద్ద ముల్లు పూర్తి చుట్టు తిరిగి 12 దగ్గరికొచ్చేసరికి చిన్న ముల్లు ఒంటి గంటకు జరిగిపోయి ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే ఇంకో అయిదు నిమిషాల పైన నడవాలి. పెద్ద ముల్లు చంద్రుడు, చిన్న ముల్లు సూర్యుడు. ఇంతకన్నా తేలికైన దారి లేదు.

నెలల పేర్లూ ఇక్కడివే. పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గరుంటే కార్తీకం, చిత్త దగ్గరుంటే చైత్రం. కార్తీక పున్నమి నాడు ఉసిరిచెట్టు కింద దీపాలు పెట్టాక, చంద్రుణ్ణి బొటనవేలితో మూసి చుట్టుపక్కల చిన్న చుక్కల గుత్తిని వెతకమనండి. వెన్నెల మరీ ఎక్కువగా ఉంటే బైనాక్యులర్ కావాలి.

వినాయక చవితి నాడు ఇంట్లో చంద్రుణ్ణి చూడకూడదంటే చూపించకండి, పెద్దవాళ్ళతో పిల్లల ముందు వాదనకు దిగితే రెండూ చెడతాయి. శ్యమంతకమణి కథ చెప్పి అక్షతలు వేసుకున్నాక ఒక లెక్క ఇవ్వండి: చవితి చంద్రుడు ఎప్పటికి అస్తమిస్తాడు? సూర్యాస్తమయం తర్వాత రెండు, రెండున్నర గంటల్లో. అప్పటిదాకా తల దించుకుంటే సరిపోతుంది! కృష్ణుడికి పాలలో చంద్రుడు కనిపించిన ఘట్టాన్ని మర్నాడు పంచమికి చేసి చూడండి, నింద భయం లేదు. ఒక గిన్నెలో పాలు, నల్లటి మూకుడులో నీళ్ళు పోసి చంద్రుడి కింద పెట్టండి. నీళ్ళలో ప్రతిబింబం స్పష్టంగా, పాలలో మసకగా ఉంటుంది, ఎందుకంటే పాలు వెలుగును నలువైపులా చెదరగొట్టి తామే తెల్లగా వెలుగుతాయి.

ఆంధ్ర వైపు అట్లతద్దికి కూడా ఒక కొలత ఉంది. ఆశ్వయుజ బహుళ తదియ కనుక చంద్రోదయం ఏడున్నర, ఎనిమిది ప్రాంతంలో అవుతుంది. ఉపవాసమున్న ఆడపిల్లలు ఎలాగూ తూర్పు వైపే చూస్తుంటారు. నోటుబుక్కు లెక్కతో ముందే టైము అంచనా వేయమంటే, ఆకలి మీద ఉన్నారు కాబట్టి శ్రద్ధగా చేస్తారు.

ముగ్గుపిండితో గుంటలు

వెడల్పాటి ప్లాస్టిక్ బేసినులో 5 సెంటీమీటర్ల లోతున ముగ్గుపిండి పోయండి. అడుగు వెడల్పు బేసినుకు నాలుగైదు కిలోలు పడుతుంది. పైన జల్లించిన ఇటుకపొడి పలుచగా, తెల్లదనం కనపడకుండా ఉండేంత చల్లండి. అరమీటరు, మీటరు, రెండు మీటర్ల ఎత్తు నుంచి గోళీలు వదలాలి, విసరకూడదు. ప్రతి గుంటనూ స్కేలుతో కొలవండి. గుంట గోళీ కన్నా పెద్దది, ఎత్తు పెరిగే కొద్దీ ఇంకా పెద్దది. ఎర్రటి పొర మీద తెల్లటి చారలు చుట్టూ చిమ్ముతాయి.

పిండి చెమ్మగిల్లితే చారలు రావు, గోళీ అచ్చు మాత్రం పడుతుంది. వానాకాలమైతే ముందు రోజు ఎండలో ఆరబెట్టండి. దుమ్ము కళ్ళల్లో పడకుండా పిల్లల్ని అడుగు దూరంలో నిలబెట్టండి, ముక్కుకు రుమాలు కట్టండి.

తర్వాత అసలుదాన్ని చూపించండి. పున్నమి నాడు బైనాక్యులర్‌తో చంద్రుడి దక్షిణ భాగంలో చుట్టూ తెల్లటి చారలున్న చోటు టైకో, 85 కిలోమీటర్ల వెడల్పున్న గుంట. మిగతా గుంటలు చూడాలంటే మాత్రం పున్నమి పనికిరాదు. ఎండ నిలువునా పడి నీడలుండవు. సప్తమి నుంచి దశమి లోపు, వెలుగూ చీకటీ కలిసే అంచున చూడాలి. 7×50 లేదా 10×50 బైనాక్యులర్ చాలు. మోచేతులు పిట్టగోడకు ఆనించకపోతే చంద్రుడు గంతులేస్తాడు.

చంద్రయాన్ గురించి ఎలా చెప్పాలి

శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 వెళ్ళింది 2008 అక్టోబరు 22న. దాని నుంచి విడిపోయిన పెట్టె, నాలుగు పక్కలా మువ్వన్నెల జెండా బొమ్మతో, చంద్రుణ్ణి తాకింది నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు. పిల్లలకు ఈ తేదీ ఇట్టే గుర్తుంటుంది. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కు. దక్షిణ ధ్రువం మీదే దిగిందని స్కూళ్ళలో కూడా చెబుతున్నారు, కాదు, సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, ధ్రువానికి 600 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ఆ రోజే ఎందుకంటే అక్కడ తెల్లవారుతున్న వేళ అది. సౌరఫలకాలకు ఎండ కావాలి, అక్కడ ఒక పగలు మన 14 రోజులు. ఆ సాయంత్రం మనకు కనిపించింది దాదాపు సగం చంద్రుడు.

విక్రమ్‌లోంచి దిగి నడిచిన 26 కిలోల రోవర్ ప్రజ్ఞాన్ అక్కడ నాలుగు కిలోల పైచిలుకు బరువే తూగుతుంది. ఒకేలా ఉన్న రెండు గుడ్డసంచుల్లో ఒకదాంట్లో 6 కిలోల బియ్యం, ఒకదాంట్లో 1 కిలో పోసి ఎత్తించండి: మొదటి సంచి చంద్రుడి మీద రెండోదానిలా ఉంటుంది.

గ్రహణం రాత్రి

చంద్రగ్రహణాన్ని కంటితో ఎంతసేపు చూసినా ప్రమాదం లేదు. సూర్యగ్రహణం వేరు, దానికి ప్రత్యేకమైన కళ్ళద్దాలు లేనిదే చూడకూడదు. ఈ రెంటినీ పిల్లలు కలిపేసుకుంటారు, విడదీసి చెప్పండి. ఊరగాయ జాడీ మీద దర్భ వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. గ్రహణం మొర్రి మాట మాత్రం పిల్లల ముందు ఊరుకోవద్దు. పై పెదవి రూపుదిద్దుకునేది గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, అది సరిగా అతుక్కోకపోతే మొర్రి వస్తుంది. గ్రహణానికి దానితో సంబంధం లేదు. క్లాసులో ఆ మచ్చ ఉన్న పిల్లవాడు ఉండవచ్చు.

2028 డిసెంబరు 31 రాత్రి మనకు సంపూర్ణ చంద్రగ్రహణం కనిపిస్తుంది. సంపూర్ణ దశ గంటకు పైగా, పది దాటాక నడిమధ్య. కొత్త సంవత్సరం కోసం పిల్లలు ఎలాగూ మేలుకునే ఉంటారు. ఎనిమిదిన్నరకు చాపలు, నోటుబుక్కు పట్టుకుని పైకి వెళ్ళండి. పావుగంటకో సున్నా చొప్పున పద్నాలుగు పదిహేను సున్నాలు కావాలి. ఎర్ర పెన్సిల్ మరిచిపోకండి: పూర్తిగా నీడలో మునిగాక చంద్రుడు నల్లబడడు, భూమి గాలిపొర అంచుల్లోంచి వంగి వచ్చిన సంధ్య వెలుగు పడి రాగిచెంబు రంగుకు తిరుగుతాడు. ఆ నీడ అంచు వంపుగా ఉందో, తిన్నగా ఉందో గీయమనండి. భూమి గుండ్రమని అరిస్టాటిల్ చూపిన ఆధారాల్లో ఆ వంపు కూడా ఒకటి.